అయ్యన్న కారులో పాట

ఇంకొక్క వైరు కలిపితే పని అయిపోతుందనుకుంటూ తిరుపాల్ కారు నేల మీద వెల్లకిలా పడుకొని, తల పెడళ్ళ మధ్యకు దూర్చి, కాళ్ళు తెరిచిన తలుపులోంచి బయటికి చాపి, డ్యాష్‌బోర్డు కింది చీకట్లో వేళ్ళతో తడుముతున్నాడు. మార్చి ఎండ మోకాళ్ళ దాకా పాకి అక్కడ ఆగింది. తలకాయ నీడలో, కాళ్ళు పొయ్యిలో. పైన ఎవరో తొందరపడి కోసి వదిలేసిన వైర్లు గుత్తిగా వేలాడుతున్నాయి. ఇంతకుముందు ఈ కారును ముట్టుకున్నవాడు కంపెనీ వాళ్ళిచ్చిన ప్లగ్గును కత్తెరతో తెగ్గోసి, స్పీకరు వైర్లనుకొని తోచినవాటిని తోచినవాటికి కలిపి, స్క్రీను వెలగ్గానే పని అయిపోయిందని పంపేశాడు. పాపం వాడికి తెలియదు. ఈ బండిలో ఎడమ సీటు కింద కంపెనీ ఆంప్లిఫయర్ ఒకటి ఉంది. పాట ముందు దానిలోకి పోయి, అక్కడ బలం పుంజుకొని, అప్పుడు స్పీకర్లకు పోతుంది. ఆ ఆంపును లేపడానికి వేరే ఒక సన్న వైరు ఉంటుంది. పాత స్టీరియో దానిలోకి కరెంటు పంపి లేపేది. కొత్త స్టీరియోలో ఆ పని చేసే వైరు నీలం రంగుది. ఆ రెండూ కలిస్తే తప్ప ఎంత ఖరీదైన సెట్టు పెట్టినా కారు పలకదు.

పొద్దున అయ్యన్న బండిని షెడ్డు ముందు ఆపి, దిగకుండానే మొదలుపెట్టాడు. అయ్యన్నది మాధవరం. మంత్రాలయం వచ్చే భక్తులను రైలు స్టేషను నుంచి గుడికి, గుడి నుంచి స్టేషనుకు తిప్పుతుంటాడు. మనిషికి మైకులాంటి గొంతు. ఎమ్మిగనూరు సంతలో ఒక మూల నిలబడి మాట్లాడితే రెండో మూలకు వినబడుతుంది. "తిరుపాలూ, ఆదోనిలో ఇద్దరికి సూపించినానప్పా. ఒగడు స్పీకర్లు కాలిపోయినాయంటాడు, ఇంగొగడు వైరింగే సరిగ లేదంటాడు. స్క్రీనేమో టీవీ మాదిరి ఎలుగుతాంది, పాట మాత్రం రాదు. భక్తులు ఎక్కుతానే ఒగ పాట పెట్టన్నా అంటారు. ఏం సెప్పాల? మూగబండి నడుపుతాండా."

"స్పీకర్లు కాలలేదు అయ్యన్నా. దీంట్లో కంపెనీ ఆంపుంది. దాన్ని లేపల్ల. నువ్వు పోయి టీ తాగు" అన్నాడు తిరుపాల్. అయ్యన్న పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు తిరుపాల్‌కు చక్కగా వినబడింది. అయ్యన్న వస్తే అతనికి ప్రాణం హాయిగా ఉంటుంది. అయ్యన్న మాట్లాడుతుంటే పెదవుల వైపు చూడనక్కర్లేదు, కుడి చెవిని అటు తిప్పనక్కర్లేదు, ఏమన్నావు అని రెండోసారి అడగనక్కర్లేదు.

ఎందుకంటే తిరుపాల్‌కు ఎడమ చెవి లేదు. ఉంది, ఉన్నచోటే ఉంది, పొద్దున అద్దంలో చూస్తే కనబడుతుంది. కానీ రెండేళ్ళ కిందట ఒక ఉదయం లేచేసరికి ఆ పక్క లోకమంతా తలుపేసుకుంది. స్నానంలో చెవిలోకి నీళ్ళు పోయాయేమో అనుకున్నాడు. ముక్కు మూసుకొని గాలి ఊదాడు. భార్య పుష్ప వేడి ఉప్పు మూట కట్టి కాపడం పెట్టింది. మర్నాడు కూడా తలుపు తెరుచుకోలేదు. కర్నూలులో డాక్టరు మాత్రలిచ్చాడు, చెవి లోపలికి సూదులు వేశాడు, గాజు గదిలో కూర్చోబెట్టి చెవులకు మూతలు తొడిగి ఏదో మోగించాడు. చివరికి కాగితం మీద గీతలు చూసి, నరం చచ్చిపోయిందయ్యా అన్నాడు. మిషను పెట్టుకుంటే, అని పుష్ప అడగబోతే, మిషను శబ్దాన్ని పెద్దది చేస్తుందమ్మా, లోపల అందుకునేది లేనప్పుడు ఎంత పెద్దది చేసి ఏం లాభం అన్నాడు. ఆ మాట పుష్పకు అర్థం కాలేదు. తిరుపాల్‌కు వెంటనే అర్థమైంది. అతని పనే అది కదా. రెండో చెవిని జాగ్రత్తగా చూసుకో, ఈ పని మానెయ్, అదీ ఇదే దారిలో ఉన్నట్టుంది అన్నాడు డాక్టరు. మానేసి? మానేసి ఏం చేయాలో ఆ కాగితంలో రాసి లేదు.

వేళ్ళకు సన్న వైరు తగిలింది. ఇదే అయ్యుండాలి. సగం తెగి, మొన విరిగి ఉంది. తెగిన చోట తొక్క తీసి, రాగి పోగులను మెలివేశాడు. ఇవాళ పొద్దున్నుంచి కుడి చెవి నిండుగా ఉంది. బస్సు ఎత్తు రోడ్డెక్కితే చెవి మూసుకుపోయినట్టుగా. నిన్న జలుబు చేసింది, అందువల్లే. జలుబే. పక్కన వెల్డింగు షాపువాళ్ళు అన్నానికి పోయినట్టున్నారు, ఇందాకటి దాకా చెవులు చిల్లులు పడేలా ఇనుము రాపాడిస్తూ ఉన్నవాళ్ళు ఊరుకున్నారు. ఎంత బాగుంది. ఇలాంటి నిమ్మళం రోజుకు ఒక్కసారి దొరికినా చాలు. డ్యాష్‌బోర్డు కింద మట్టి వాసన, పాత రబ్బరు వాసన, ఎవరో భక్తుడు కార్చిన పంచామృతం పులిసిన వాసన. ఇంత నిమ్మళంగా పడుకొని ఎన్నాళ్ళైంది. చిన్నప్పుడు గుంటూరు దగ్గర మిరప చేలల్లో మధ్యాహ్నం ఇలాగే ఉండేది. కోసిగి నుంచి ఊరు ఊరంతా సుగ్గికి, కోతల కాలపు వలసకు, పోయేది. ఇళ్ళకు తాళాలు, ముసలివాళ్ళు అరుగుల మీద, మిగతా జనమంతా లారీల్లో మూటలతో, కోళ్ళతో, పిల్లలతో. మిరప కోతలు అయ్యేదాకా చేను పక్కన పట్టాల గుడారాలే ఇళ్ళు. అమ్మ కోసేది, నాన్న కోసేవాడు, అన్న శేషప్ప కోసేవాడు, తిరుపాల్ కోసేవాడు. కారం వేళ్ళలోకి ఎక్కి, కళ్ళు నులుముకుంటే రాత్రంతా మంట. గుడారంలో ఒక రేడియో ఉండేది. అది ఒక సాయంత్రం మూగబోతే నాన్న నెత్తి మీద కొట్టినట్టు దాని మీద రెండు దెబ్బలు కొట్టాడు. తిరుపాల్ దాన్ని విప్పి, లోపల ఊడిన వైరును మిరప తొడిమతో అదిమి పెట్టాడు. పలికింది. నాన్న అతని వైపు చూసిన చూపు. నీకు ఈ కారం అవసరం లేదురా అన్నట్టుగా.

తర్వాత ఏడాది సుగ్గికి పోయేటప్పుడు నాన్న అతన్ని లారీ ఎక్కించలేదు. ఆదోని తీసుకుపోయి చాంద్ బాషా ఉస్తాద్ దగ్గర పనికి వదిలాడు. ఉస్తాద్ షాపు నిండా టేపు రికార్డర్లు, లారీల స్టీరియోలు, పొట్టలు చీల్చిన స్పీకర్లు. మొదటి రోజు పనేమీ చెప్పలేదు. ఒక స్టూలు మీద కూర్చోబెట్టి, "బేటా, కండ్లు మూసుకో. ఏం ఇనపడతాందో సెప్పు" అన్నాడు. పాట ఇనపడతాంది ఉస్తాద్ అన్నాడు తిరుపాల్. "పాట అందరికీ ఇనపడతాది బేటా. పాట ఎనకాల ఏముంది?" చాలాసేపు వింటే, పాట వెనకాల సన్నగా, ఈగ తిరిగినట్టు ఒక రొద. అది చెప్పగానే ఉస్తాద్ మొహం విప్పారింది. "అదీ. అది ఇనపడినోడే ఈ పనికొస్తాడు. మీటరు కొనుక్కోవచ్చు. సెవి యాడ కొంటావు?" ఉస్తాద్ పోయి మూడు రంజాన్లు దాటింది. తన చెవి సంగతి ఆయనకు తెలియకుండానే పోయాడు. అది ఒక్కటే నయం.

వైర్లు కలిపి, టేపు చుట్టి, తిరుపాల్ తల బయటికి తీశాడు. లేస్తుంటే కళ్ళు తిరిగి, సీటు పట్టుకొని కాసేపు ఆగాల్సి వచ్చింది. నేల ఒక పక్కకు ఒరిగి మళ్ళీ సర్దుకుంది. ఎండ దెబ్బ. నీళ్ళు తాగితే పోతుంది. సీసా ఎత్తి తాగి, దాన్ని డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు. రోడ్డు అవతల టీ బండి దగ్గర అయ్యన్న ఎవరితోనో చేతులూపుతూ మాట్లాడుతున్నాడు. ఇంత దూరానికి వినబడాలే ఆయన గొంతు, అనిపించింది. గాలి అటు వీస్తోందేమో.

డ్రైవరు సీట్లో కూర్చొని తలుపు వేసుకున్నాడు, అద్దాలన్నీ ఎక్కించాడు. పని పరీక్షించేటప్పుడు ఎప్పుడూ అంతే. ఒక్క చెవితో బతికేవాడికి బయటి గోల ఉండకూడదు. ఈ రెండేళ్ళలో ఇలాంటి ఉపాయాలు చాలా నేర్చుకున్నాడు. కస్టమరు ఎడమ పక్కన నిలబడితే, ఏదో వస్తువు తీస్తున్నట్టు నడిచి వెళ్ళి తను అటు పక్కకు పోయేవాడు. ఎడమ స్పీకరు ముందు, కుడి స్పీకరు తర్వాత ఒక్కొక్కటిగా మోగించి, తలను ఒక్కోదాని దగ్గరికి తీసుకుపోయి పోల్చుకునేవాడు. ఎవరికీ అనుమానం రాలేదు. పుష్ప ఒక్కదానికే తెలుసు. ఆమె కూడా దాని గురించి మాట్లాడదు. లోకంలో ఉన్న మిగతా అన్నిటి గురించీ మాట్లాడుతుంది. ఆదోనిలో ఆడపిల్లల హాస్టలులో వంట చేస్తుంది, పొద్దున బస్సుకు పోయి మధ్యాహ్నం దాటాక వస్తుంది. వచ్చింది మొదలు పడుకునేదాకా మాటలే. ఏ పిల్ల అన్నం వదిలేసింది, ఏ కండక్టరు ఏమన్నాడు, పక్కింటి ఉచ్చీరమ్మ కోడలు ఎందుకు అలిగింది, వంకాయలు ఎంత పుచ్చులు, కల్లో వాళ్ళమ్మ వచ్చి ఏమంది. పిల్లలు లేని ఇల్లు. ఆ ఇంట్లో ఉన్న సందడి అంతా ఆమె గొంతే. పెళ్ళైన కొత్తలో, ఈమె ఎప్పుడు ఆపుతుందా అని చూసేవాడు. తర్వాత తర్వాత ఆమె మాటలు వింటూనే నిద్రపోవడం అలవాటైంది. ఎడమ చెవి పోయి కర్నూలు నుంచి వచ్చిన రోజు, పుష్ప ఏమీ అనకుండా తన దిండు తీసి మంచం ఈ పక్క నుంచి ఆ పక్కకు వేసుకుంది. పద్దెనిమిదేళ్ళు ఎడమ పక్కన పడుకున్న మనిషి కుడి పక్కకు వచ్చింది. అంతే. మళ్ళీ వంకాయల గురించి మాట్లాడడం మొదలుపెట్టింది.

తాళం తిప్పాడు. స్క్రీను నీలంగా వెలిగింది. జేబులోంచి పరీక్షకు వాడే పెన్ డ్రైవు తీసి గుచ్చాడు. దానిలో సినిమా పాటలు లేవు. కోసిగిలో పీర్ల పండుగ నాడు అగ్నిగుండం చుట్టూ వాయించే డోళ్ళను అతనే ఒకసారి ఫోనులో పట్టాడు. ముందు ఒక్క డోలు, తర్వాత నాలుగు, ఆ తర్వాత సన్నాయి సన్నగా పైకి లేస్తుంది, మధ్యలో ఒక ముసలాయన దగ్గు, ఒక పిల్ల పిలుపు. స్పీకరు బాగుందా లేదా అని ఆ దగ్గు చెబుతుంది. ఆ పిలుపు ఎంత స్పష్టంగా ఉంటే పని అంత బాగా జరిగినట్టు. నొక్కాడు. మొదటి డోలు పడింది. పడిందా? ఎన్ని వందల సార్లు విన్నాడో, ఎక్కడ ఏది వస్తుందో మనసులోనే మోగుతుంది. ధన్ మని పడ్డది డోలా, దాని జ్ఞాపకమా? ఊపిరి బిగబట్టి విన్నాడు. లేదు. ఏమీ లేదు. స్క్రీను మీద గీత నడుస్తోంది, పాట నడుస్తోందని చెబుతోంది. కారులో మాత్రం చడీచప్పుడు లేదు.

ఆంపు లేవలేదు, అనుకున్నాడు. వైరు పట్టుకోలేదేమో. టెస్టు ల్యాంపు తీసి ఒక కొస ఇనుముకు తగిలించి, రెండో కొస ఆ వైరుకు గుచ్చాడు. ల్యాంపు చక్కగా వెలిగింది. కరెంటు పోతోంది. ఎడమ సీటు కిందికి వంగి ఆంపు పెట్టె మీద చెయ్యి వేశాడు. వెచ్చగా ఉంది. పని చేయని పెట్టె వెచ్చబడదు. మరి పాటేది? సౌండు పెంచాడు. స్క్రీను మీద అంకె పెరిగింది. ఇంకా పెంచాడు. అప్పుడు వినబడింది. పాట కాదు. సన్నగా, ఎక్కడో దూరంగా, జిన్నింగు మిల్లులో మరలు ఒక్కపెట్టున తిరుగుతున్నట్టు, ఆపు లేని ఒక రొద. హమ్మయ్య అనిపించింది. ఇది తెలిసిన జబ్బే. ఎర్తు సరిగ్గా కూర్చోకపోతే ఇలాగే ఏడుస్తుంది. పాట వెనకాల ఏముంది బేటా, అని ఉస్తాద్ నవ్వినట్టయింది. స్క్రీను వెనక చెయ్యి పెట్టి ఎర్తు నట్టు విప్పి, తుప్పు గీకి, మళ్ళీ బిగించాడు. రొద పోలేదు. నట్టు మార్చి వేరే చోట బిగించాడు. రొద పోలేదు. తగ్గనూ లేదు, పెరగనూ లేదు. సౌండు పూర్తిగా పైకి తిప్పాడు. రొద అంతే ఉంది. ఇదెక్కడి రొద, సౌండు పెంచితే పెరగనిది?

తాళం తిప్పి ఆపేశాడు. స్క్రీను నల్లబడింది. రొద ఆగలేదు.

తాళం బయటికి తీసి చేతిలో పట్టుకున్నాడు. ఇప్పుడు ఈ కారులో ఏదీ నడవడం లేదు. ఇది ఉత్త ఇనుము. ఇనుము ఏడవదు. రొద సాగుతూనే ఉంది, అదే ఎత్తులో, అదే సన్నదనంతో. ఎడమ చెవి పోయిన రోజు నుంచీ ఆ పక్క తోడుగా ఉన్న రొదే అది. ఇప్పుడు రెండు పక్కలా ఉంది. తల మధ్యలో కలుసుకుంటోంది. తిరుపాల్ కదలకుండా కూర్చున్నాడు. ఒక ఆలోచన వచ్చి తలుపు దగ్గర నిలబడింది, దాన్ని లోపలికి రానివ్వలేదు. జలుబు. ఎండ. అద్దాలు వేసి ఉండడం. వేళ్ళతో స్టీరింగు మీద కొట్టాడు. గోళ్ళకు తగిలింది, అంతే. చప్పట్లు కొట్టాడు. చేతులు మండాయి, అంతే. హారను నొక్కాడు. రోడ్డు మీద పోతున్న సైకిలువాడు ఉలిక్కిపడి వెనక్కి తిరిగి, నోరు కదిపి ఏదో తిట్టి పోయాడు.

మళ్ళీ తాళం పెట్టి తిప్పాడు. తిప్పకుండా ఉండాల్సింది. ఈ వయసులో మనిషికి కొన్ని తెలియకపోయినా నడుస్తుంది. స్క్రీను వెలిగింది, గీత నడవడం మొదలైంది. సౌండు ఇందాక ఎక్కడ వదిలాడో అక్కడే, చిట్టచివరన ఉంది. డ్యాష్‌బోర్డు మీది సీసాలో నీళ్ళు గుండ్రంగా వణికాయి. ఆగాయి, వణికాయి. తలుపు మీద అరచెయ్యి ఆన్చాడు. తలుపు బతికి ఉంది. ధన్, ధన్, అని అరచేతిలో డోలు పడుతోంది. తర్వాత నాలుగు డోళ్ళు, ఎముకల్లోకి, మోచేతి దాకా. వెన్ను కింద సీటు అదురుతోంది. పాట వచ్చింది. బహుశా మొదటిసారే వచ్చింది. ఆంపు ఎప్పుడో లేచింది, స్పీకర్లు నాలుగూ పలుకుతున్నాయి, దగ్గు కూడా వినబడే ఉంటుంది, పిల్ల పిలుపు కూడా. అన్నీ ఈ కారు నిండా ఉన్నాయి. ఇక్కడ లేనిది తను ఒక్కడే. మనిషి లోపల కూడా ఎక్కడో ఒక నీలం వైరు ఉంటే బాగుండేది, చేత్తో తడిమి మెలివేసి టేపు చుట్టేవాడు. అద్దంలోంచి వెల్డింగు షాపు కనబడింది. వాళ్ళు అన్నానికి పోలేదు. ఇనుము మీద చక్రం ఆడుతోంది, నిప్పురవ్వలు చిమ్ముతున్నాయి, ఏ చప్పుడూ లేకుండా, దీపావళి బొమ్మలా. వాళ్ళు ఎప్పుడూ ఆపలేదు. ఇందాక డ్యాష్‌బోర్డు కింద పడుకొని ఎంత బాగుంది అనుకున్నాడే, అప్పుడే పోయింది. పోతుంటే హాయిగా అనిపించింది.

అయ్యన్న రోడ్డు దాటి పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. రెండు చేతులూ చెవుల మీద పెట్టుకొని నవ్వుతున్నాడు. వెనకాల టీ బండి దగ్గరి జనం ఇటే చూస్తున్నారు. తిరుపాల్ స్క్రీను మీద అంకె చూసుకుంటూ సౌండు తగ్గించాడు. ఎంతకు తగ్గిస్తే మనుషులకు బాగుంటుందో పాత అలవాటు మీద ఊహించి అక్కడ ఆపాడు. తలుపు తెరుచుకుంది. వేడి గాలితోబాటు అయ్యన్న మొహం లోపలికి వచ్చింది, నోరు కదులుతోంది, పళ్ళు కనబడుతున్నాయి, మెడ నరాలు ఉబ్బుతున్నాయి. అంత పెద్ద గొంతు. లోకంలో ఎవరి గొంతు పోయినా చివరిదాకా ఈయనది మిగులుతుందనుకున్నాడు. తిరుపాల్ నవ్వాడు. "కంపెనీ ఆంపు లేసింది అయ్యన్నా. ఇంగ భయం ల్యా" అన్నాడు. అయ్యన్న కొంచెం వెనక్కి జరిగాడు. అరిచినట్టున్నాడు. గొంతు ఎంత ఎత్తులో పెట్టాలో తెలియలేదు.

అయ్యన్న లోపలికి వచ్చి కూర్చొని, స్క్రీను మీద వేలితో గీకి ఏదో వెతికాడు, దొరికింది కాబోలు కళ్ళు మూసుకున్నాడు. తల ఊగడం మొదలైంది. రాఘవేంద్రస్వామి పాట అయ్యుంటుంది, ముందు అదే పెడతానన్నాడు పొద్దున. అరచెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. ఇన్నాళ్ళ మూగబండి పాడుతుంటే ఆ మొహం ఎలా మెత్తబడిందో. తిరుపాల్ పక్కన నిలబడి ఆ మొహాన్నే చూశాడు. పాట ఎలా ఉందో తెలుసుకోవడానికి ఇంక అదొక్కటే దారి. అయ్యన్న కళ్ళు తెరిచి ఏదో అడిగాడు. "ఊఁ" అన్నాడు తిరుపాల్. అయ్యన్న మళ్ళీ అడిగాడు. ఈసారి కనుబొమలు దగ్గరికి వచ్చాయి. ఊఁ అనే జవాబు సరిపోయే ప్రశ్న కాదది. ఏమడిగి ఉంటాడు? వెనక స్పీకరు సరిగ్గా ఉందా అనా, సాయంత్రం రైలుకు ఆలస్యమవుతుందా అనా, ఒంట్లో బాగలేదా తిరుపాలూ అనా? "నువ్వు పో అయ్యన్నా, రైలుకు టయిమయితాంది" అన్నాడు. అయ్యన్న కాసేపు అతని కళ్ళలోకి చూసి, భుజం మీద చెయ్యి వేసి నొక్కి, బండి తిప్పుకొని పోయాడు. దుమ్ము లేచింది. ఆ బండి కనుమరుగయ్యేదాకా పాడుతూనే పోయి ఉంటుంది.

షెడ్డులో స్టూలు మీద కూర్చున్నాడు. పనిముట్లు సర్దాలి. సర్దలేదు. రోడ్డు మీద బస్సులు, ఉల్లిగడ్డ మూటల ట్రాక్టర్లు, ఆటోలు ఒకదాని వెంట ఒకటి బొమ్మల్లా జారిపోతున్నాయి. ఎవరో వెనక నుంచి వచ్చి భుజం తట్టితే తప్ప తెలియదు ఇక మీదట. రేపు పుష్ప కర్నూలు లాక్కుపోతుంది. మళ్ళీ గాజు గది, మళ్ళీ సూదులు, మళ్ళీ కాగితం మీద గీతలు. గీతలు ఎలా ఉంటాయో అతనికి తెలుసు, కింద నేలకు ఆనుకొని సాగిపోతాయి. ఆ తర్వాత? శేషప్ప అన్న ఇప్పటికీ సుగ్గికి పోతాడు, మోకాళ్ళు నొప్పులంటూనే పోతాడు. ఈ ఏడు కూడా కోతలకు పోయి ఇంకా రాలేదు. మిరపకాయలు కోయడానికి చెవులు అక్కర్లేదు. చేను ఏమీ మాట్లాడదు. నాన్న లారీ ఎక్కించకుండా ఆదోని తీసుకుపోయిన దారి అంతా వెనక్కి నడిచి, మళ్ళీ ఆ పట్టాల గుడారంలోకి దూరాలి. నాన్న లేడు కాబట్టి ఆయనకు చెప్పనక్కర్లేదు. శేషప్ప జరిగి చోటిస్తాడు. చోటివ్వడమే కష్టంగా ఉంటుంది చూడడానికి.

జేబులో ఫోను అదిరింది. తీసి చూశాడు. పుష్ప. బస్సెక్కి ఉంటుంది, కిటికీ పక్కన సీటు దొరికి ఉంటుంది. ఎందుకో తెలియకుండానే నొక్కి కుడి చెవికి ఆనించుకున్నాడు. రొద తప్ప ఏమీ లేదు. ఆమె మొదట ఏమడుగుతుందో తెలుసు, రోజూ అదే. "తిన్నా" అన్నాడు. కాస్త ఆగి, "అయ్యన్న కారు అయిపాయ. బాగ వచ్చింది" అన్నాడు. మళ్ళీ ఆగాడు, ఆమె మాటకు చోటిస్తూ. ఇలాగే గడిపేయవచ్చు. ఊఁ, ఆఁ, అవునా, అంటూ సాయంత్రం దాకా, రాత్రి దాకా. ఇంట్లో ఎదురుగా కూర్చుంటే మాత్రం ఎలా? ఆమె వంకాయల గురించి చెబుతుంటే కళ్ళలోకి చూసి ఎంతసేపు తల ఊపగలడు?

"పుష్పా" అన్నాడు. గొంతులో కదిలింది కాబట్టి అనే ఉంటాడు. "పుష్పా, నాకు ఇనపడ్లేదే. ఆ సెవి గూడ పాయ. ఇప్పుడే పాయ. నువ్వేం మాట్లాడ్తాండావో నాకు తెల్దు. పెట్టేయొద్దు. ఏదో ఒగటి మాట్లాడ్తానే ఉండు."

ఫోను చెవి నుంచి తీసి మొహం ముందు పట్టుకున్నాడు. ఆమె పేరు కింద మాట్లాడిన సేపు చూపించే అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారుతున్నాయి. ఆమె మాట్లాడుతోందో, ఏడుస్తోందో, బస్సు ఆపమని కండక్టరును అడుగుతోందో, నోట మాట రాక ఊరికే ఉండిపోయిందో, అంకెలు చెప్పవు. అవి కదులుతున్నంతసేపు ఆమె అక్కడ ఉన్నట్టు. తిరుపాల్ రెప్ప వేయకుండా వాటినే చూస్తూ కూర్చున్నాడు. కొంతసేపటికి అవి ఆగిపోయాయి.